ఫ్లోరీన్ బండి కింద దూరిన వారం

ఫ్లోరీన్ గెరెట్ ఆదివారాలు కారులో రేడియో పెట్టదు. పూజ ముగిశాక ఫాదర్ గారు దివ్యసత్ప్రసాదాన్ని, ప్రభువు శరీరమేనని నమ్మే ఆ అప్పాన్ని, చిన్న బంగారుపూత డబ్బీలో ఉంచి ఆమె చేతికిస్తారు. దాన్ని గుడ్డసంచిలో పెట్టి మెడకు తగిలించుకుని, కెనడా సరిహద్దు నది వెంబడి ఉన్న ఇళ్ళకు బయలుదేరుతుంది. గుడికి రాలేని ముసలివాళ్ళూ మంచం పట్టినవాళ్ళూ ఆ ఇళ్ళలో ఆమె కోసం ఎదురుచూస్తుంటారు. ప్రభువు పక్కన ఉండగా పాటలేమిటి, వాన కబుర్లేమిటి అని ఆమె ఉద్దేశం. అందుకే కారు వెనకనుంచి వచ్చే రొద అందరికంటే ముందు ఆమెకే వినబడింది.

వేసవి మొదట్లో అది ఈగ ముసిరినట్టు సన్నగా ఉండేది. ఎండలు తగ్గేసరికి తుమ్మెద అయింది. బంగాళాదుంపల తవ్వకాలు మొదలై, పిల్లలూ పెద్దలూ చేలకు పోవడానికి బడికి కోత సెలవులు ఇచ్చే నాటికి, వెనక సీటు కింద ఒక ముసలమ్మల గుంపు కూర్చుని జపమాల చెబుతున్నట్టే ఉంది. ఎడమకు తిరిగితే గొంతు పెంచేవారు, కుడికి తిరిగితే తగ్గించేవారు. గతుకు వచ్చినప్పుడల్లా ‘దబ్’మని ఒక గుద్దు. గాలి వీస్తే కారు తోక తన దారిన తాను పోవాలని చూసేది.

“టైర్లు అరిగాయి కాబోలు” అని సరిపెట్టుకుంది ఫ్లోరీన్. మొగుడితో చెబుదామంటే, రోజేర్ కాగితం మిల్లులో యంత్రాల మధ్య చేసి చేసి సగం వినికిడి అక్కడే వదిలి వచ్చిన మనిషి. ఊళ్ళో సగం బండ్ల రోగాలు కుదిర్చిన చెయ్యి ఆయనది. కానీ ఆ చెయ్యే ఇప్పుడు మెడకు వేలాడుతోంది. పొగగొట్టం శుభ్రం చేయబోయి నిచ్చెన మీదనుంచి పడ్డాడు. భుజానికి ఆపరేషన్ చేసిన డాక్టరు, కాఫీ కప్పు కంటే బరువైనదేదీ ఎత్తకూడదన్నాడు.

బుధవారం నాడు కారు తనిఖీకి తీసుకెళ్ళింది. ఏడాదికోసారి అద్దానికి కొత్త స్టిక్కరు అంటించాలి కదా. పాతది శనివారంతో, నెలతోపాటే, చెల్లిపోతుంది. ఆ గరాజు ఫ్లోరీన్ అక్క కొడుకు క్లోవిస్‌ది. వాకిట్లో, లోపల, లిఫ్టుల మీద, ఎక్కడ చూసినా దుంపల లారీలే. మట్టి, గ్రీజు, తిట్లు. క్లోవిస్ ఎలాగో సందు చేసి పిన్ని కారు వెనక భాగం పైకి లేపాడు. చక్రం ఒక్కసారి తిప్పి, తల అడ్డంగా ఊపాడు.

“పిన్నీ, ఇలా రా. ఈ స్ప్రింగు మీద చెయ్యి పెట్టు. మెల్లిగా. ఆఁ, ఇప్పుడు చక్రం తిప్పుతాను చూడు.”

జ్వరం వచ్చిన పిల్లాడి నాడిలా ఆమె వేళ్ళకింద స్ప్రింగు గరగరమని వణికింది.

“అయ్యో, ఏమైందిరా దీనికి?”

“బేరింగు పోయింది. లోపల గోళీలు పిండి అవుతున్నాయి. రెండో వైపుదీ ఇవాళో రేపో. అదొక్కటే అయితే బాగుండును. ఇటు చూడు,” అని ఇనుప కమ్మీ ఒకటి పెట్టి కదిపాడు. చక్రాన్ని కారుకు పట్టి ఉంచే పొడుగాటి ఉక్కు చెయ్యి ముందు కొసలో, కుదుపు తినే రబ్బరు తొడుగు, బుష్, ఉండాల్సిన చోట, వదులుపన్నులా ఊగింది. “రెండువైపులా బుష్‌లు చచ్చాయి. స్టిక్కరు ఇవ్వలేను. ఇస్తే మా అమ్మ కూడా నాకు అన్నం పెట్టదు.”

“బాగుచెయ్యి మరి.”

“ఎక్కడ పిన్నీ? తవ్వకాలయ్యేదాకా ఒక్క లిఫ్టు ఖాళీ లేదు. వర్షం పడేలోపు దుంప నేలలోంచి రావాలని జనం నా ప్రాణం తోడేస్తున్నారు. సామాన్లయితే రేపటికి తెప్పించగలను. రెండు వారాలు ఓపిక పట్టు. ఈలోపు ఒకటి రెండు ఆదివారాలు నడిపావే అనుకో, మెల్లిగా పో. స్టిక్కరు సంగతి ఎవడడుగుతాడు? ఈ దారిలో తిరిగే పోలీసు నాతో చదువుకున్నవాడే.”

ఫ్లోరీన్ నిటారుగా నిలబడింది. తాను వండిపెట్టే బడి వంటగదిలో పిల్లలు వరస తప్పినప్పుడు నిలబడ్డట్టు.

“ప్రభువును చెల్లని స్టిక్కరు బండిలో ఎక్కించుకుని తిరగమంటావురా?”

క్లోవిస్ తల దించుకుని నవ్వు దాచుకున్నాడు. “పోనీ, ఇంకెవరినైనా పంపండి.”

ఎవరున్నారు పంపడానికి? ప్రసాదం పంచడానికి అనుమతి ఉన్న రెండో మనిషి దుంపల లారీ తోలుతున్నాడు. ఎండ కాస్తే ఆదివారమూ తోలతాడు. ఫాదర్ గారొక్కరే నాలుగు గుళ్ళు చూసుకోవాలి. ఇక ఆ ఇళ్ళలో నది మలుపు దగ్గరుండే ఒనేజీమ్ తాత పాతకాలం మనిషి. ప్రసాదం నాలుక మీద పడేదాకా అర్ధరాత్రి నుంచి మంచినీళ్ళు తప్ప ముట్టడు. పోయిన చలికాలం మంచుతుపానులో ఫ్లోరీన్ వెళ్ళలేకపోయింది. ఫోను లైను కూడా పడిపోయింది. మర్నాడు వెళ్తే తెలిసింది, తాత సాయంత్రం దాకా ఏమీ తినకుండా కిటికీ దగ్గరే కూర్చున్నాడని. కోప్పడలేదు, పైగా “నువ్వు భద్రమేనా తల్లీ?” అని అడిగాడు. ఆ మాటే ఆమెకు ముల్లులా గుచ్చుకుని ఉండిపోయింది.

“సామాన్లు తెప్పించు,” అంది ఫ్లోరీన్. “మేమే ఇంట్లో వేసుకుంటాం.”

“బాబాయికి భుజం లేదుగా?”

“నాకు రెండున్నాయిగా.”

*

రోజేర్ ఈ మాట విని ముందు నవ్వాడు. తర్వాత భార్య ముఖం చూసి నవ్వు ఆపాడు. మర్నాడు లేస్తూనే వాకిట్లోకి మడతకుర్చీ ఒకటి, కంబళి ఒకటి, కాఫీ ఫ్లాస్కు ఒకటి మోయించుకుని పోయి, సూపు కలిపే చెక్క గరిటె చేతబట్టి కూర్చున్నాడు. చూపించడానికి కర్రలాంటిది ఏదో ఒకటి కావాలి కదా.

గురువారం పొద్దున ఎండ తేటగా ఉంది. క్లోవిస్ తెప్పించిన సామాన్లు అప్పటికే గడప దగ్గరున్నాయి. నది అవతల కెనడా కొండల మీద చెట్లు ఎర్రగా, పసుప్పచ్చగా మారుతున్నాయి. ఫ్లోరీన్ మొగుడి పాత ఓవరాల్ తొడుక్కుని, దాని కాళ్ళు పైకి మడిచి, జుట్టుకు బడి వంటగది వల కట్టుకుంది.

“వలెందుకే? సూపులో వెంట్రుక పడుతుందనా?”

“బోల్టులో పడుతుందని. చెప్పు, ఏం చెయ్యాలి?”

“ముందు చక్రాల ముందు దిమ్మలు పెట్టు. జాకీ ఎత్తు. ఎత్తాక స్టాండ్లు పెట్టు. అక్కడ కాదు, గట్టి చోట. జాకీని నమ్మి బండి కింద దూరినవాడి పెళ్ళాం నల్లబట్టలు కుట్టించుకోవాలి.”

“పెళ్ళామే దూరుతోందయ్యా ఇక్కడ.”

“అయితే నేను కుట్టించుకోవాలి. ఒంటిచేత్తో కుదరదు. స్టాండ్లు సరిగ్గా పెట్టు.”

స్టాండ్లు పెట్టి, బండిని భుజంతో తోసి, కదలదని చూసుకుని, సిలువ గుర్తు వేసుకుని ఫ్లోరీన్ కిందికి దూరింది.

చక్రం వచ్చింది, బ్రేకు పళ్ళెం వచ్చింది. బేరింగు ఉండే హబ్ మాత్రం రానంది. మంచు కరగాలని రోడ్లమీద చల్లే ఉప్పునీళ్ళు ఎన్ని చలికాలాలు తాగిందో, తుప్పుతో కలిసి ఉక్కు ఉక్కును వాటేసుకుని కూర్చుంది. వెనకనుంచి బోల్టులు కాస్త కాస్త సడలించి, ఒక్కోదాని తల మీద సుత్తితో కొట్టుకుంటూ వంతులవారీగా తిరగమన్నాడు రోజేర్.

“ఒకేదాన్ని బాదకు, వంకరపోతుంది. అందరికీ సమానంగా వడ్డించు. ఆ వైరుంది చూశావూ, సన్నంగా? దానికి తగలనివ్వకు. అది తెగిందో, స్టీరింగు ముందు హెచ్చరిక దీపం పెళ్ళిపందిరిలా వెలుగుతుంది.”

ఫ్లోరీన్ వడ్డించింది. మధ్యాహ్నం దాకా వడ్డించింది. దారిన పోయే దుంపల లారీలు ఆమె కాళ్ళు మాత్రమే చూసి హారన్లు మోగించాయి. ఒక లారీ ఆగింది. అందులోంచి ఎవరో, “రోజేర్, నీ కాళ్ళు ఎప్పట్నుంచి ఇంత చిన్నవయ్యాయి?” అని అరిచి, తలుపు తెరిచి, ఒక బుట్టెడు కొత్త దుంపలు గడ్డిలో పెట్టి వెళ్ళిపోయాడు. రోజేర్ కుర్చీ బండికి అవతల ఉండటంతో ఎవరన్నది ఇద్దరూ చూడనేలేదు.

ఆ తర్వాత కొట్టిన దెబ్బకు హబ్ తుపాకీలా పేలి ఊడిపడింది. ఫ్లోరీన్ “మరియమ్మ తల్లీ!” అని కేక పెట్టింది. రోజేర్ కుర్చీలోంచి సగం లేచాడు.

“తగిలిందా?”

“వచ్చింది! వచ్చేసింది!”

ఆమె మసి ముఖంతో బయటికి పాక్కుంటూ వచ్చి, ఆ ఉక్కు ముద్దను రెండు చేతులా పైకెత్తి చూపించింది. తిప్పితే మిరియాల మర తిప్పినట్టు గరగరలాడింది. కొత్తది తిప్పితే చప్పుడే లేదు, వేలి చుట్టూ వెన్నలా తిరిగింది. రెండోవైపు హబ్ అంత సతాయించలేదు. పొద్దు వాలకముందే రెండు బేరింగులూ ఎక్కాయి. కొత్త బుష్‌లను రోజేర్ ఫ్రీజర్లో పెట్టించాడు. చలికి ఇనుము కాస్త ముడుచుకుంటుందట, దూర్చడం తేలికట. దుప్పి మాంసానికీ నీలిపండ్ల సంచికీ మధ్య అవి బుద్ధిగా పడుకున్నాయి.

*

శుక్రవారం అసలు కథ.

పొడుగాటి ఉక్కుచెయ్యి ముందు కొస బోల్టులు విప్పి కిందికి వంచింది ఫ్లోరీన్. లోపల రబ్బరు కనబడింది.

“ఎండి, బీటలు వారి ఉంటుంది. డ్రిల్లుతో చుట్టూ కన్నాలు పొడువు, పెళుసుగా రాలుతుంది,” అన్నాడు రోజేర్.

“ఎండలేదయ్యా. మెత్తగా ఉంది. వేలు పెడితే దిగబడుతోంది.”

“రబ్బరు మెత్తబడ్డమేమిటి? ముసలిదైతే ఎండుతుంది.”

“నేను చూస్తున్నదేగా చెబుతున్నాను!” ఆమె ఒక ముద్ద గిల్లి బయటికి తెచ్చింది. ఉబ్బి, జిగురుగా, సరిగ్గా కాగని నూనెలో వేసిన గారెలా ఉంది. వంటమనిషి కదా, చెయ్యి ముక్కు దగ్గరికి దానంతటదే వెళ్ళింది. వాసన చూసి, మాట మింగేసింది. ఆ వాసన ఆమెకు తెలుసు. అది ఈ వాకిట్లో ఏటా అక్టోబరులో వచ్చే వాసన.

తొలి మంచు పడకముందే, రోడ్లమీద ఉప్పు చల్లే లారీలు తిరగకముందే, రోజేర్ ట్రాక్టర్లలో వాడేసిన నూనెలో కాస్త కిరసనాయిలు కలిపి, గొట్టంతో కార్ల అడుగున కొడతాడు. కొట్టించుకున్న బండి నేరుగా చేల మధ్య మట్టిదారిన పోతే, దుమ్ము అంటుకుని గట్టి పూతవుతుంది. ఉప్పు ఇనుమును తినకుండా ఇక్కడివాళ్ళు చేసుకునే ఏర్పాటు అది. తాతల నాటి అలవాటు. రోజేర్ ఎవరి దగ్గరా ఏమీ పుచ్చుకోడు. ఎవరైనా గడప మీద ఒక పళ్ళ కేకు పెట్టి పోతారు, అంతే. ఆ రోజుల్లో వాకిలి తిరునాళ్ళలా ఉంటుంది.

“ఏదీ, ఇలా తే,” అన్నాడు రోజేర్. ఆమె ఇవ్వక తప్పలేదు. ఆయన ఎడమచేతి వేళ్ళ మధ్య నలిపాడు. వాసన చూశాడు.

“నా నూనే,” అన్నాడు. “నూనె తాగి ఉబ్బిపోయింది.”

“పాతబడిందిలే. ఏ రబ్బరైనా...”

“నా దగ్గర వద్దు ఫ్లోరీన్. నాకు తెలియదూ నూనె రబ్బరును ఏం చేస్తుందో? మిల్లులో రబ్బరు గాస్కెట్లు ఎన్ని చూడలేదు? ఇక్కడ మాత్రం ఒక్కసారైనా తట్టలేదు. ఇనుము మెరుస్తుంటే మురిసిపోతూ కొట్టేశాను. నీ బండికేనా? ఫాదర్ గారి బండికి, విధవరాళ్ళ బండ్లకి, ఒనేజీమ్ తాత బండికి...” ఆయన గరిటె కుర్చీలో పెట్టి లేచాడు. “మిగతాది క్లోవిస్‌కు ఫోను చేసి అడుగు. నాకేం తెలుసు?”

తలుపు విసిరికొట్టి ఉంటే ఫ్లోరీన్‌కు తేలిగ్గా ఉండేది. ఆయన మెల్లిగా దగ్గరికి వేసుకున్నాడు.

వెనకే వెళ్ళాలనిపించింది. కానీ వాళ్ళ కాపురంలో ఆమె నేర్చుకున్నదొకటుంది: రోజేర్ బాధ కొత్తగా ఉడికిన దుంపలాంటిది, వెంటనే పట్టుకుంటే ఇద్దరి చేతులూ కాలతాయి. అదీగాక రేపు శనివారం. ఆమె తిరిగి బండి కిందికి దూరింది.

రబ్బరు ముద్దలు పీకింది. చుట్టూ ఉన్న ఉక్కు కట్టును హాక్సా బ్లేడుతో కోసింది, బయటి గూడుకు గాటు పడకుండా, చేప పొట్ట కోసినంత జాగ్రత్తగా. ఉలితో కట్టును లోపలికి మడిచి తట్టితే బొటుక్కున రాలింది. ఫ్రీజర్లోంచి కొత్తది తెచ్చి, దానిమీద బాణం గుర్తు పాతదాని గుర్తున్న వైపే ఉండేలా చూసి, గిన్నెలు తోమే సబ్బు రాసింది. మరల కడ్డీ ఒకటి మధ్యలో దూర్చి, ఇటూ అటూ బిళ్ళలు పెట్టి, నట్టు తిప్పుకుంటూ పోయింది. తిప్పుకొకసారి, ఒక్కో వెంట్రుకవాసి, బుష్ గూట్లోకి జరిగింది. పూర్తిగా దిగి ‘టక్’మని ఆగినప్పుడు ఆమెకు ఎంత సంతోషమైందంటే, ఒంటరిగానే పెద్దగా నవ్వేసింది. రెండోది దూర్చేటప్పుడు నిన్న కొట్టిన సుత్తికి ఎక్కడెక్కడ నొప్పులున్నాయో కూడా మరిచిపోయింది. అన్ని బోల్టులూ బిగించింది. చక్రాలు తొడిగింది. స్టాండ్లు తీసి బండిని దించింది.

దించి, నాలుగడుగులు వెనక్కి వేసి చూసింది. ముందు భాగం మామూలుగానే ఉంది. వెనక భాగం మాత్రం గుడ్డు పెట్టబోయే కోడిలా పైకి లేచి ఉంది.

“ఏవయ్యా!” అని కేకేసింది. “ఏవయ్యా పెద్దమనిషీ! బండి తోకెత్తుకు నిలబడింది!”

కిటికీ తెర కదిలింది. రోజేర్ ముఖం కనబడింది. ఆ ముఖం ముందు బండిని చూసింది, తర్వాత వల జారి, సబ్బు నురగ గడ్డానికంటి ఉన్న పెళ్ళాన్ని చూసింది. ఎంత ఆపుకున్నా పెదవులు ఆగలేదు. తలుపు తెరుచుకుంది.

“గాలిలో వేలాడుతుండగా బిగించావా?”

“మరి? నువ్వు లోపల శోకాలు పెడుతుంటే ఎవర్నడగను? అడగమన్న క్లోవిస్ ఫోనెత్తడు!”

“ఓసి పిచ్చిదానా! ఆ రబ్బరు ఏ భంగిమలో బిగిస్తే అదే తన ఇల్లనుకుంటుంది. వేలాడినప్పుడు బిగిస్తే, నేలమీద నిలబడిన రోజంతా మెలిపడి ఉంటుంది. చలికాలం దాటకుండా చిరుగుతుంది. నిలబడి ఏప్రను బిగించుకుని కూర్చున్నావనుకో, పొట్ట పట్టేయదూ?”

“నా పొట్ట సంగతి నీకెందుకు? ఏం చెయ్యాలో చెప్పు.”

“వెనక చక్రాలు చెక్క ర్యాంపుల మీదికి ఎక్కించు. ఆ రెండు బోల్టులూ సడలించు. రోజూ మోసే బరువు మీద పెట్టి, తన కాళ్ళమీద తాను నిలబడ్డాక అప్పుడు బిగించు.”

“ఖాళీ బండే కదా, బరువెక్కడిది?”

“ఖాళీ బండి నువ్వెప్పుడు నడిపావే? వెనకెప్పుడూ సూపు గిన్నెలు, దుంపల సంచులు, ఎవరో ఒక ముసలమ్మ.”

అలా ఆ మధ్యాహ్నం గెరెట్ వారి వాకిట్లో బండి ర్యాంపులెక్కింది. డిక్కీలో, నిన్న ఎవరో ఇచ్చిన బుట్టెడు కాక ఇంకో రెండు సంచుల దుంపలు చేరాయి. వెనక సీట్లో ముసలమ్మకు బదులు రోజేర్, చెయ్యి గుండెలకు కట్టుకుని, కంబళి కప్పుకుని, పెద్దమనిషిలా కూర్చున్నాడు. కింద ఫ్లోరీన్.

కింద పానా చప్పుడు మొదలైంది. ముఖాలు కనబడకపోతే కొన్ని మాటలు తేలిగ్గా వస్తాయేమో. పైనుంచి రోజేర్ గొంతు వినిపించింది.

“మంచి చేస్తున్నానని నాకు గర్వమెక్కువైందే. అందుకే చూడలేదు.”

ఫ్లోరీన్ టార్చి వేసి, తన ముక్కుకు జానెడు దూరంలో ఉన్న నేలపలకను ఈ చివరనుంచి ఆ చివరకు చూసింది. నల్లగా, నున్నగా ఉంది.

“ఏవయ్యా, ఇక్కడ తుప్పు చుక్కైనా లేదు.”

“ఊఁ.”

“ఊఁ కాదు. మన పెళ్ళినాటి బండి అడుగు ఎలా ఉండేదో గుర్తుందా? చలికాలంలో కాళ్ళకింద రోడ్డు కనబడేది. దీనికి ఒక్క చిల్లుందేమో చూపించు. ఉంటే ఈపాటికి నువ్వు నా నెత్తిన కూర్చునేవాడివి.”

పైన సీటు కిర్రుమంది. నవ్వుకు ఊగుతున్నాడని ఆమెకు తెలిసింది.

“ఊగకు! బిగిస్తున్నాను!”

“మరి రబ్బరు?”

“రబ్బరుకు సంచి కట్టు. నేను కేకు పళ్ళెం అంచుకు కాగితం చుట్టడంలేదూ? నూనె కొట్టేముందు బుష్‌లన్నిటికీ రొట్టెలు వచ్చే ప్లాస్టిక్ సంచులు తొడిగితే సరి. ఊళ్ళో అందరి ఇళ్ళలోనూ రొట్టె సంచులే కదా.”

పైన సీటు మరోసారి కిర్రుమంది.

“ఫ్లోరీన్.”

“ఏం?”

“ఇది నాకెందుకు తట్టలేదు?”

“నువ్వు కేకులు చెయ్యవు కనక. ఇక మాట్లాడకుండా బరువుగా కూర్చో.”

*

శనివారం గరాజు మూసే వేళకు క్లోవిస్ బండిని పైకి లేపి, చక్రాలు తిప్పి, కమ్మీతో పొడిచి, ఊపి, నడిపి చూశాడు. దిగి, అద్దం మీద పాత స్టిక్కరు గీకి కొత్తది అంటించాడు.

“పిన్నీ, బడిలో ఉద్యోగం మానేసి నా దగ్గరికి వచ్చెయ్.”

“నీ నోరు విని నెల తిరగకుండా నేనూ తిట్లు నేర్చుకుంటాను. వద్దు నాయనా.”

రోజేర్ గొంతు సవరించుకుని నూనె సంగతి చెప్పాడు, దాచకుండా. క్లోవిస్ చేతులు తుడుచుకుంటూ విన్నాడు.

“బాబాయ్, నిన్నొకడు బండి తెచ్చాడు. లిఫ్టు ఎత్తితే లిఫ్టు లేచింది, బండి నేల లిఫ్టుతో వచ్చింది, మిగతా బండి అక్కడే ఉంది. వాడు నీ దగ్గర నూనె కొట్టించుకునేవాడు కాదు. రబ్బరు పోతే నేను రేపటికి తెప్పిస్తాను. నేల పోతే ఎక్కడ తేను?” అని, కాస్త ఆగి, “అయినా సంచులు తొడుగు,” అన్నాడు.

ఆదివారం పూజ అయ్యాక ఫ్లోరీన్ డబ్బీ అందుకుని, సంచి మెడకు తగిలించుకుని వచ్చేసరికి, రోజేర్ కారు పక్క సీట్లో కూర్చుని ఉన్నాడు.

“నువ్వెక్కడికి?”

“నేనూ వస్తాను. ఆ ఇళ్ళలో బండ్లున్నవాళ్ళకు నా నోటితో నేను చెప్పుకోవాలి.”

“దారిలో కబుర్లుండవు మరి.”

“నాకు తెలియదూ?”

కారు కదిలింది. రొద లేదు, గుద్దు లేదు. చేలలో తవ్వకం యంత్రాల దుమ్ము దూరంగా బంగారు పొగలా లేస్తోంది. గతుకుల మీద బండి ఊయలలా దిగి లేచింది. రోజేర్ ఎడమచేత్తో ఆమె మోచెయ్యి ఒకసారి తట్టాడు.

మొదటి ఇంట్లో పక్షవాతం వచ్చిన ఆవిడ, రెండో ఇంట్లో చూపు లేని అన్నాచెల్లెళ్ళు. వాళ్ళకు బండ్లు లేవు కనక రోజేర్ మోకాళ్ళ మీద కూర్చుని ప్రార్థన చేశాడు, అంతే. తర్వాత ఒనేజీమ్ తాత ఇల్లు. తాత కిటికీ దగ్గరే ఉన్నాడు. కానీ బండి వచ్చిన చప్పుడు లేకపోవడంతో, తలుపు తీసి ఎదురుగా నిలబడేదాకా వాళ్ళను చూడలేదు. అందరూ కలిసి పరలోక జపం చెప్పారు. తాత కళ్ళు మూసుకుని, నోరు తెరిచి, ప్రసాదం తీసుకున్నాడు.

ఆ తర్వాత గాని తాత పొయ్యి దగ్గరికి వెళ్ళలేదు. పొద్దున్నే చేసి గుడ్డలో చుట్టి ఉంచుకున్న ప్లోయ్ అనే ఇక్కడి అట్లు, పైన కళ్ళు కళ్ళుగా ఉన్నవి, విప్పి, ఒక్కోదానికి వెన్న రాసి చుట్టుకుని తినడం మొదలుపెట్టాడు. ఆకలి మీద తినే మనిషిని చూడ్డం కూడా ఒక ప్రార్థనే అనిపించింది ఫ్లోరీన్‌కు. రోజేర్ నిలబడే ఉన్నాడు, టోపీ చేత్తో పట్టుకుని. నూనె సంగతి మొదట్నుంచీ చివరిదాకా చెప్పాడు.

తాత నమలడం ఆపలేదు. అంతా విన్నాక అన్నాడు, “నా మోకాళ్ళలో రబ్బరు కూడా పోయిందిరా అబ్బాయ్. దానికీ నువ్వే నూనె కొట్టావా?”

“అది కాదు తాతా...”

“మా నాన్న గుర్రపుబండి ఇరుసుకు పందికొవ్వు రాసేవాడు. కుక్కలు నాకిపోయేవి. మళ్ళీ రాసేవాడు. ఎవరి బండికైనా ఏదో ఒకటి పోవాలి కదా. రబ్బరే పోనీ. కూర్చో, ఒక అట్టు తిను.”

“ముందు నీ బండి చూస్తాను.”

“చూడు. పారిపోదు. దానికీ మోకాళ్ళు లేవు.”

రోజేర్ షెడ్డులోకి వెళ్ళాడు. ఫ్లోరీన్ తాతకు కాఫీ పోసి, తనకు వద్దని, ఆయన కప్పు కడిగి పెట్టి, దుప్పటి సర్ది, వెళ్ళొస్తానని చెప్పి బయటికి వచ్చింది. ఇంకా ఎన్నో ఇళ్ళున్నాయి. కారు దగ్గర మొగుడు లేడు. షెడ్డులో చూస్తే, తాత పాత పికప్పు బండి కింద రెండు బూట్లు కనబడ్డాయి.

“ఏవయ్యా! ఆ భుజంతో కింద దూరావా?”

“మంచి భుజం మీదే పడుకున్నాలే. ఏమీ ఎత్తడంలేదు, చూస్తున్నానంతే. దీనిదింకా గట్టిగానే ఉందే ఫ్లోరీన్! ఎడమవైపుది. కుడివైపుది కనబడ్డంలేదు.”

“లే ముందు. నది పొడుగునా జనం ఎదురుచూస్తున్నారు.” ఆమె గొంతు తగ్గించి, మెడలోని సంచి మీద చెయ్యి వేసింది. “ప్రభువును నిలబెట్టావు తెలుసా?”

బూట్లు కాసేపు ఆలోచించాయి.

“ఆయన వడ్రంగి కదే. పని మధ్యలో ఉన్నవాడి సంగతి ఆయనకు తెలుసు. ఒక్క నిమిషం ఆగుతాడు. ఆ టార్చి ఇటివ్వు.”

ఫ్లోరీన్ షెడ్డు కప్పు వైపు ఒకసారి చూసి, క్షమించమన్నట్టు సిలువ గుర్తు వేసుకుంది. తర్వాత ఆదివారపు గౌను మోకాళ్ళ కింద సర్దుకుని, సంచి నేలకు తగలకుండా ఒక చేత్తో గుండెలకు పొదువుకుని, వంగి టార్చి వేసి పట్టుకుంది.

“ఇటు కాదు, ఇంకాస్త వెనక్కి,” అన్నాడు రోజేర్.